మాటతో మొదలయ్యే చదువు – బ్రౌన్ దొర జీవితం



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందిగా మన సంఘ కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కడప వారికి ఈ పేరు కొత్త కాదు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట గ్రంథాలయం ఉన్నది. తెలుగు నిఘంటువు వ్రాసిన దొర అనీ, వేమన పద్యాలు అచ్చు వేయించిన దొర అనీ బడిపిల్లలు కూడా చెబుతారు. అయితే ఆయన జీవితంలో మనవంటి తాతలకు, అవ్వలకు, మన కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు, అల్లుళ్ళకు పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది. దాన్ని గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు. పసితనంలో పెద్దలు పిల్లలతో కూర్చుని మాట్లాడే మాటలే వారి చదువుకు పునాది అన్నదే ఆ సంగతి. నేను ముప్పై ఐదేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. పండితుణ్ణి కాను. చదివినదీ, చూసినదీ తెలిసినంతలో మనవి చేస్తాను.

బ్రౌన్ దొర 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్, తల్లి ఫ్రాన్సెస్ కౌలీ. తండ్రి క్రైస్తవ మతాచార్యులు. ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతం నుండి 1786లో కలకత్తా వచ్చి స్థిరపడ్డారు. 1800లో కంపెనీ ప్రభుత్వం వారు తమ కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం కోసం ఫోర్ట్ విలియం కళాశాల పెట్టినప్పుడు, దాని పెద్దగా డేవిడ్ బ్రౌన్ గారిని నియమించారు. సంస్కృత పండితులు, పారశీకం చెప్పే మున్షీలు, బంగాళీ నేర్పే పండితులు పనిచేసిన చోటు అది. అంటే ఈ పిల్లవాడు పుట్టింది, పెరిగింది నాలుగు భాషలు వినబడే వాతావరణంలో.

అంతమాత్రాన భాషలు వచ్చేస్తాయా అంటే, రావు. నాలుగు భాషలు మాట్లాడే వీధిలో ఉండి ఒక్క భాషా సరిగా రానివాళ్ళు మనకు తెలుసు. ఇక్కడ చెప్పుకోవలసింది ఆ తండ్రి సంగతి. చర్చి పని, కళాశాల పని ఇన్ని ఉన్నా, తన పిల్లలకు భాషలు ఆయన ఇంట్లోనే నేర్పారు. హీబ్రూ, అరబ్బీ, పారశీకం, హిందూస్తానీ – ఇవన్నీ చార్లెస్ చిన్ననాడే పరిచయం చేసుకున్నవి. 1812లో తండ్రి చనిపోయేనాటికి ఈ పిల్లవాడికి పదమూడేళ్ళు నిండి కొన్ని నెలలు. కాబట్టి ఆయన తండ్రి వద్ద నేర్చుకున్నదంతా ఆ పదమూడేళ్ళ లోపలే. ఆ ఇంట్లో రోజూ ఏమేమి మాట్లాడుకున్నారో మనం వినలేదు. కానీ తండ్రి చెప్పడం, పిల్లవాడు వినడం, తిరిగి అడగడం, తప్పు పలికితే తండ్రి సరిదిద్దడం – ఈ రాకపోకలు లేకుండా ఆ వయసులో అన్ని భాషల రుచి తెలియడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. చార్లెస్ అక్కడ హెయిలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగారు. మద్రాసులో 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో ఆయనకు తెలుగు అక్షరాలు దిద్దించిన గురువు వెలగపూడి కోదండరామ పంతులు గారు. పద్దెనిమిదేళ్ళ వయసు దాటిన తరువాత ఒక్క ముక్క తెలియని భాషను మొదలుపెట్టి, మూడేళ్ళలో పరీక్ష నెగ్గారు. 1820లో కడప కలెక్టరు వద్ద సహాయకుడుగా ఉత్తర్వులు అందుకున్నారు. మన గడ్డ మీద అడుగుపెట్టేనాటికి ఆయన వయసు ఇరవై ఒకటి.

కళాశాలలో నేర్చిన తెలుగు వేరు, కడప కచేరీకి వచ్చిన రైతు నోటి తెలుగు వేరు. ఈ తేడా ఎంతటిదో మన ఉద్యోగుల కంటే బాగా ఎవరికి తెలుస్తుంది? నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కూడా అర్జీలో ఉండే భాష ఒకటి, అర్జీ పట్టుకొచ్చిన మనిషి చెప్పే మాట మరొకటి. కాగితం చూస్తే ఏమీ అర్థం కాదు. ఆ మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, ఏం జరిగిందో నోటితో చెప్పించుకుంటే అసలు సంగతి బయటపడేది. బ్రౌన్ దొర కూడా ఆ పనే చేశారు. చిన్నప్పుడు తండ్రి దగ్గర అలవాటైన పద్ధతినే – వినడం, అడగడం, మళ్ళీ వినడం – ఇక్కడి జనం దగ్గర సాగించారు. అట్లా రెండేళ్ళు తిరిగేసరికి కడప మనుషులతో ధారాళంగా మాట్లాడగలిగారు.

1821లో ఆయన కడపలో రెండు ఉచిత పాఠశాలలు పెట్టించారు. 1823లో మచిలీపట్నంలో ఉద్యోగం చేస్తూ అక్కడ రెండు పెట్టించారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు సొంత డబ్బుతో బడులు నడపడం సామాన్యమైన సంగతి కాదు.

ఆ కాలంలో మన సీమలో చదువు ఎట్లా ఉండేదో తెలుసుకోవడానికి మనకు మంచి ఆధారమే ఉన్నది. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1822 జూన్ 25న అన్ని జిల్లాల కలెక్టర్లకు ఒక ఉత్తర్వు పంపారు. ఎన్ని బడులున్నాయి, ఎంతమంది పిల్లలున్నారు, ఏం చదువుతున్నారు అని లెక్కలు అడిగారు. కడప జిల్లా నుండి వెళ్ళిన లెక్క ప్రకారం 494 బడులు, 5,892 మంది పిల్లలు. బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. కర్నూలు అప్పటికి నవాబు ఏలుబడిలోనే ఉన్నది. అది కంపెనీ చేతికి వచ్చింది 1839లో. కనుక ఆ లెక్కల్లో కర్నూలు చేరలేదు.

బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ దొర కూడా తెలుగు తెలిసినవారే. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రచించినవారు. ఆయన 1823లో పంపిన నివేదికలో గమనించిన సంగతి ఒకటి మనం గుర్తుంచుకోదగినది. బడిలో పిల్లలు పద్యాలు వందలకొద్దీ కంఠస్థం చేస్తున్నారు గానీ అర్థం మాత్రం వారికి తెలియడం లేదు. ఎందుకంటే ఆ పద్యాల భాషకూ, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషకూ పొంతన లేదు. చదువు చెప్పే అయ్యవారికే చాలాచోట్ల అర్థం తెలియదట. ఇసుకలో అక్షరాలు దిద్దడం, పద్యం ఒప్పజెప్పడం జరుగుతున్నది. ప్రశ్న అడగడం, జవాబు చెప్పడం జరగడం లేదు. చిలకపలుకుల చదువు అంటే అదే.

మరి చదువు నిజంగా ఎక్కడ జరుగుతున్నది? దీనికి మన్రో గారే 1826 మార్చి 10 నాటి తమ నివేదికలో సమాధానం ఇచ్చారు. బడులకు వెళ్ళే పిల్లలను లెక్కిస్తే సరిపోదు, ఇంటి దగ్గర తల్లిదండ్రులు, బంధువులు, ఇంటికి వచ్చే అయ్యవార్లు నేర్పే చదువును కూడా కలపాలని ఆయన అభిప్రాయం. ఒక్క మద్రాసు పట్టణంలోనే అట్లా ఇంటివద్ద నేర్చుకునే పిల్లలు ఇరవై ఆరు వేలకు పైగా ఉన్నట్లు, అది అక్కడి బడిపిల్లల సంఖ్యకు దాదాపు ఐదు రెట్లు అని లెక్క తేలింది. రెండు వందల ఏళ్ళ క్రితమే ఒక గవర్నరు, ఇంటిని కూడా ఒక బడిగా లెక్కకట్టారన్న మాట. ఆ మన్రో గారే 1827 జూలైలో మన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి కన్నుమూశారు.

మళ్ళీ బ్రౌన్ దొర దగ్గరకు వద్దాం. 1824లో ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ వ్రాసిన పుస్తకంలో వేమన గురించి చదివి, ఆయన పద్యాల కోసం వెదకడం మొదలుపెట్టారు. 1829లో 693 పద్యాలతో, 1839లో 1,164 పద్యాలతో వేమన పద్యాలు ఇంగ్లీషు అర్థంతో సహా అచ్చయ్యాయి. అంతవరకు ఆ పద్యాలు ఎట్లా బ్రతికాయి? కొన్ని తాటాకుల మీద, ఎక్కువ జనం నాలుకల మీద. పండితులు వాటిని పెద్దగా లెక్కచేయలేదు. కానీ ఇంట్లో అవ్వ మనుమడికి, తండ్రి కొడుకుకు సమయం వచ్చినప్పుడు ఒక పద్యం చెప్పి, అది ఎందుకు చెప్పానో కూడా చెప్పేవారు. పిల్లవాడు అబద్ధం ఆడితే ఒక పద్యం, అన్నం పారేస్తే ఒక పద్యం. మాటల్లో మాటగా వచ్చిన పద్యం కాబట్టి అర్థం వేరే నేర్పవలసిన అవసరం ఉండేది కాదు. బడిలో వల్లించిన పద్యానికీ, ఇంట్లో సందర్భం చూసి చెప్పిన పద్యానికీ ఉన్న తేడా ఇదే.

1826లో బ్రౌన్ దొర తిరిగి కడపకు వచ్చి, తోటతో సహా ఒక బంగళా కొన్నారు. అందులో పండితులను, వ్రాయసకాండ్రను నియమించి సొంత జీతంలోనుంచి వారికి జీతాలిచ్చారు. ప్రజలు దాన్ని బ్రౌన్ కాలేజీ అని పిలిచేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి గారు అక్కడి వ్యవహారాలు చూసేవారు. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు తాటాకు ప్రతులను పోల్చి, పరిష్కరించి, టీకలు వ్రాసేవారు. ఒక మాటకు పండితుడు చెప్పిన అర్థం ఆయనకు చాలేది కాదు. ఆ మాటను జనం ఎట్లా వాడుతున్నారో కూడా ఆయనకు కావాలి.

అందుకే 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువు తీసి చూస్తే, కావ్యాల మాటల పక్కనే మన చేలల్లో వినబడే మడక, గుంటక, గొర్రు వంటి సేద్యపు మాటలు కూడా కనిపిస్తాయి. వంటింటి మాటలు, అంగడి మాటలు, పిల్లలతో ఆడే మాటలు అందులో చోటు చేసుకున్నాయి. పండితులు నీచమని వదిలిపెట్టినవాటిని ఆయన ఏరి పెట్టారు. మన అవ్వలు, అమ్మలు పిల్లలతో మాట్లాడిన భాషకు నిఘంటువులో గౌరవస్థానం కల్పించిన పుణ్యం ఆయనది.

ఆయన ఉద్యోగ జీవితం సాఫీగా ఏమీ సాగలేదు. 1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్ళి, ఊరికే కూర్చోక, లండన్ ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడివున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను వెలికితీసి మద్రాసుకు చేర్చే ఏర్పాటు చేయించారు. 1838లో తిరిగి వచ్చి పారశీక అనువాదకుడుగా, తరువాత మద్రాసు పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా పనిచేశారు. తాను సేకరించిన రెండు వేలకు పైగా ప్రతులను మద్రాసు సాహిత్య సంఘానికి ఇచ్చివేశారు. పుస్తకాల కోసం అప్పులు చేశారు.

1855లో పదవీ విరమణ చేసి లండన్ చేరిన తరువాత ఆయన దాదాపు ముప్పై ఏళ్ళు జీవించారు. పెన్షనర్లమైన మనం ఈ భాగాన్ని శ్రద్ధగా గమనించాలి. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా చేరారు. తన నిఘంటువును సరిదిద్దుతూనే ఉన్నారు. తన సాహిత్య జీవితాన్ని గురించి తానే వ్రాసిపెట్టారు. ఆ కథలో తండ్రి నేర్పిన భాషల ప్రస్తావన కూడా ఉన్నది. ముసలితనంలో వెనక్కు తిరిగి చూసుకున్నప్పుడు ఆయనకు పెద్ద పదవులతో పాటు చిన్ననాటి ఇల్లు కూడా గుర్తుకు వచ్చిందన్న మాట. 1884 డిసెంబరు 12న, ఎనభై ఆరేళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది. కడపలో శిథిలమైన ఆయన బంగళా స్థలంలోనే, కీర్తిశేషులు జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో 1987లో గ్రంథాలయానికి శంకుస్థాపన జరిగింది.

ఇక నేటి సంగతి. ఇంట్లో మాటలకూ చదువుకూ ఉన్న సంబంధాన్ని ఈ కాలపు పరిశోధకులు కొలిచి చూశారు. అమెరికాలో హార్ట్, రిస్లీ అనే ఇద్దరు 42 కుటుంబాలకు నెలకొకసారి వెళ్ళి, పసిపిల్లలతో ఇంట్లో ఎంత మాట్లాడుతున్నారో రెండున్నరేళ్ళు నమోదు చేసి 1995లో ప్రకటించారు. ఇంటికీ ఇంటికీ చాలా వ్యత్యాసం కనబడింది. ఎక్కువ మాటలు విన్న పిల్లలకు ఎక్కువ మాటలు వచ్చాయి. కుటుంబాలు మరీ తక్కువని, బీదల ఇళ్ళను తక్కువ చేసి చూపారని తరువాత కొందరు విమర్శించారు. అది ఆలోచించదగిన విమర్శే. 2018లో అక్కడే 4 నుంచి 6 ఏళ్ళ వయసున్న 36 మంది పిల్లలను పరీక్షించిన మరో పరిశోధనలో ఇంకొక సంగతి తేలింది. పిల్లల చెవిన ఎన్ని మాటలు పడ్డాయన్నదాని కంటే, పెద్దలూ పిల్లలూ ఎన్నిసార్లు మాటకు మాట బదులు చెప్పుకున్నారన్నదే ముఖ్యం. అట్లా ఎక్కువగా మాట్లాడుకున్న పిల్లలకు కథ వినేటప్పుడు మెదడులో భాషకు సంబంధించిన భాగం ఎక్కువ చురుకుగా ఉన్నదట. తల్లిదండ్రుల డబ్బును, చదువును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఫలితం అదే.

టి.వి.గానీ, సెల్‌ఫోన్‌గానీ ఎంత మాట్లాడినా చాలకపోవడానికి కారణం దీన్నిబట్టి తెలుస్తుంది. అది పిల్లవాడి మాట వినదు. మా మనుమడు మూడేళ్ళప్పుడు ఫోన్ చూసి రంగుల పేర్లు, జంతువుల పేర్లు ఇంగ్లీషులో గడగడ చెప్పేవాడు. కానీ ఈరోజు ఏం చేశావు అని అడిగితే నోరు కదిపేవాడు కాదు. వాడి అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగస్తులు, పొద్దున పోతే రాత్రికి వచ్చేవాళ్ళు. మా ఇంటావిడ రోజూ మధ్యాహ్నం వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని శనక్కాయలు ఒలిపించడం మొదలుపెట్టింది. ఈ కాయలో ఎన్ని గింజలుంటాయో ముందే చెప్పమనేది. వాడు మూడంటే, ఒలిచి ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవారు. పుచ్చు గింజ వస్తే ఎందుకు పుచ్చిందని వాడే అడిగేవాడు. అక్కడినుండి పురుగు మాట, వాన మాట, చేని మాట. నాలుగైదు నెలలకు, గోడ మీది బల్లి పురుగును ఎట్లా పట్టిందో మొదటినుంచి చివరిదాకా వాడే చెప్పాడు. లెక్క, ప్రకృతి శాస్త్రం, భాష – మూడూ ఆ చేటలోనే దొరికాయి. ఒక్క పైసా ఖర్చు లేదు.

అందరి ఇళ్ళలోనూ తీరిక ఉండదని నాకు తెలుసు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో వానలు లేని ఏట జనం సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోతారు. పిల్లలు కొందరు తల్లిదండ్రుల వెంట పోతారు, కొందరు అవ్వతాతల దగ్గర మిగులుతారు. అట్లా మిగిలిన పిల్లలకు అవ్వ నోటి మాటే అమ్మ ఒడి, అదే బడి. మరోవైపు కాస్త కలిగినవారి ఇళ్ళలో మూడేళ్ళ పిల్లలను ఇంగ్లీషు బడిలో వేసి, ఇంట్లో తెలుగు మాట్లాడవద్దని తల్లిదండ్రులే కట్టడి చేస్తున్నారు. తమకు సరిగా రాని భాషలో పిల్లలతో మాట్లాడబోయి, నాలుగు మాటలతో సరిపెట్టి ఊరుకుంటున్నారు. దానివల్ల పిల్లలకు ఇంగ్లీషూ రాదు, తెలుగూ నిలవదు. ఇంగ్లీషు వద్దని నేననను. బ్రౌన్ దొరకు చిన్ననాడే నాలుగైదు భాషలు వచ్చాయి. కానీ నేర్పినవారు బాగా తెలిసిన భాషతో, ఓపికతో నేర్పారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదవ తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని చెప్పింది.

మన పెన్షనర్లకు రెండు మూడు మనవులు. మనుమలు, మనుమరాండ్రు ఇంట్లో ఉంటే రోజుకు అరగంట వారితో మాట్లాడండి. ఉపన్యాసం ఇవ్వకండి, వారు చెప్పేది వినండి. వారు ఒక మాట చెబితే మీరు దానికి ఇంకొక మాట చేర్చండి. ఎందుకు అని అడిగితే విసుక్కోకండి. దూరాన బెంగుళూరులోనో, హైదరాబాదులోనో ఉంటే ఫోన్‌లోనే రోజూ ఒక కథ సగం చెప్పి, మిగతా సగం వారిని చెప్పమనండి. పొడుపు కథ వేయండి. మనుమలు లేనివారు దగ్గరలోని అంగన్‌వాడీకి వెళ్ళి వారానికొకసారి పిల్లలకు కథ చెప్పవచ్చు. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు ఈ వ్యాసం చదివితే వారికీ ఇదే మనవి. అన్నం పెట్టేటప్పుడైనా ఫోన్ పక్కన పెట్టి బిడ్డతో మాట్లాడండి.

కలకత్తాలో ఒక తండ్రి తన పిల్లలకు తీరిక చేసుకుని భాషలు నేర్పారు. ఆ పిల్లల్లో ఒకడు పెద్దవాడై మన కడపకు వచ్చి, మన మాటలు విని, అవి పోకుండా భద్రపరిచాడు. ఆ మాటలు ఇప్పుడు పుస్తకంలో పదిలంగానే ఉన్నాయి. కానీ మన పిల్లల నోట నిలవాలంటే మాత్రం మనం వారితో మాట్లాడాలి.